సండర్లాండు గోదారోడు

ఆ మనిషి "ఆయ్" అన్నాడు. ఒక్కసారి అంటే నోరు జారిందనుకుని ఊరుకోవచ్చు. మాటకి ముందొకసారి, మాటకి వెనకొకసారి, యమున జవాబు చెబుతుంటే తలూపుతూ మధ్యలో మరోసారి అన్నాడు. ఇంగ్లండులో సండర్లాండు అనే ఊరి ఆస్పత్రిలో డయాలిసిస్ విభాగానికి మేనేజరునని చెప్పుకున్నవాడు, పేరు రాజ్ కుమార్ అట, అచ్చం అమలాపురం బస్టాండులో నిలబడినట్టు "ఆయ్, ఆయ్" అంటున్నాడు.

వీడియో ఇంటర్వ్యూ అయిపోయింది. యమున లాప్‌టాప్ మూసింది. ఇంతసేపూ బల్ల పక్కన నేలమీద గొంతుక్కూచుని, వినబడిందంతా తన ఫోన్లో రికార్డు చేసిన మొగుడు త్రినాథ్ లేచి మోకాళ్ళు పట్టుకున్నాడు.

"ఇన్నావా?" అన్నాడు.

"ఇన్నాను బావా."

"ఇంగిలీసోడు ఆయ్ అంటాడేటి?"

అవునండీ అనడానికి ఆయ్ అనేది గోదావరి జిల్లాల వాళ్ళేనని శ్రీకాకుళంలో చంటిపిల్లకైనా తెలుసు. వాళ్ళని ఆటపట్టించడానికి ఆ ఒక్క ముక్క చాలు. మనల్ని ఆటపట్టించడానికి వాళ్ళకి 'ఏటి' అన్న ముక్క చాలినట్టే. పైగా ఆ రాజ్ కుమార్ ముఖమైనా తెల్లగా లేదు. చామనచాయ, నెరిసిన మీసం, కళ్ళజోడు. తీసుకొచ్చి మన తాసీల్దారాఫీసులో కూచోబెడితే దండం పెట్టి అర్జీ ఇచ్చేస్తాం తప్ప ఎవరికీ అనుమానం రాదు.

"డబ్బులేటైనా అడిగినాడా?"

"నేదు."

"అడగనేదా. అయితే పెద్ద ప్లానే ఏసినాడు."

త్రినాథ్‌తో అదే బాధ. గరివిడి దగ్గర ఒక ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా మీద పనిచేస్తాడు. సరుకు బరువు ఎక్కువ చూపించడానికి, నిండు లారీ తూచేటప్పుడు క్లీనరు సీటు కింద నక్కి, ఖాళీ బండి తూచేటప్పుడు చప్పుడు లేకుండా దిగిపోతాడు. అలాంటివాళ్ళని చెవి పట్టి లాగీ లాగీ, లోకంలో ప్రతి సీటు కిందా ఒకడు నక్కి ఉంటాడని తీర్మానించుకున్నాడు. కూరగాయల మనిషి నవ్వినా అతనికి అనుమానమే. అలాగని పూర్తిగా కొట్టిపారెయ్యడానికీ లేదు. విదేశం ఉద్యోగమని చెప్పి ఎక్కడో దింపేసిన ఏజెంట్ల కథలు ఈ జిల్లాలో ఏ వీధికావీధి చెబుతుంది. ఈ ఇంటర్వ్యూ కూడా విశాఖలో ఒక ఏజెంటు కుదిర్చిందే.

"నిన్ను పెట్ అన్నాడు గూడా. కుక్కపిల్లనంటారు పెట్ అని. పెళ్ళైన ఆడదాన్ని పట్టుకుని అనే మాటేనా అది?"

"ఆపు బావా" అని యమున చీర కుచ్చిళ్ళు విప్పి మడతపెట్టింది. ఇంటర్వ్యూ కోసం కట్టుకున్న పొందూరు చీర. ఈ నర్సు ఉద్యోగానికి పిలుపు ఆమెకి గాల్లోంచి ఊడిపడలేదు. ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి పాసయింది. ఆ మార్కులకి గడువు వచ్చే నెలతో సరి. ఈలోగా ఉద్యోగం ఖాయమైతే సరే, లేకపోతే మళ్ళీ కోచింగు, మళ్ళీ పరీక్ష, మళ్ళీ మొదటికి. ఇంకోసారి చదివే ఓపిక తనకి లేదని ఆమెకి బాగా తెలుసు.

మర్నాడు ఉదయం ఆస్పత్రిలో, ఆమె పనిచేసే డయాలిసిస్ వార్డుకి నూకయ్య వచ్చాడు. ఉద్దానంలో కొబ్బరితోట ఉన్న పెద్దాయన. కిడ్నీలు పోయి వారానికి మూడుసార్లు బస్సెక్కి వస్తాడు. యమున ఆయన్ని బరువు తూచే యంత్రం మీద నిలబెట్టింది. చెయ్యి కడిగించి పడుకోబెట్టి, మోచేతి కింద ఉబ్బిన నరం మీద మూడు వేళ్ళు ఆనించింది. లోపల రక్తం గుర్రుమని అదురుతోంది. ఆ అదురు ఉంటే నరం బతికి ఉన్నట్టు. రెండు సూదులూ ఎక్కించి, అవి కదలకుండా టేపు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అంటించింది. గొట్టాల్లో గాలిబుడగ ఉందేమోనని వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఏటమ్మా, ముకం అలగున్నాది?" అన్నాడు నూకయ్య.

ఏమీ లేదు తాతా అనబోయి, మొత్తం చెప్పేసింది. నాలుగ్గంటలు కదలకుండా పడుకునే మనిషికి ఏదైనా చెప్పబుద్ధవుతుంది. పైగా నూకయ్య ఒకప్పుడు కొబ్బరికాయల బేరాలకి కోనసీమ అంతా తిరిగినవాడు. త్రినాథ్ పంపిన రికార్డు ఆయన చెవి దగ్గర పెట్టి వినిపించింది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా నూకయ్య కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నాడు.

"అదిగో. మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టింది.

"ఆయ్. అమలాపురపోడే. ఆడి దగ్గర కాయలు కొన్నట్టే ఉన్నాది నాకు" అన్నాడు. "ఆల్లు మాటల్లో బెల్లం ఎట్టి ఇస్తారమ్మా. లెక్కలో మాత్రం సూసుకోవాల."

"మరేటి సెయ్యమంటావు?"

"ఆడి సేపని తిట్టు."

"సేపేటి?"

"పులసమ్మా. గోదారోడి అమ్మని తిట్టినా నవ్వీసి ఊరుకుంటాడు, పులసని తిడితే ఊరుకోడు. తెలుగులో అను, ఉన్నట్టుండి. మట్టికంపు కొట్టే సేప, మా సముద్రం సేప ముందు దాని మొకవేటి, అను. ఆడి మొకం సూడు. ఎర్రబడిపోద్ది."

పక్క మంచం మీది ఆవిడ నవ్వింది. యమునకి నవ్వు రాలేదు. నూకయ్య యంత్రం కూత పెట్టడంతో మడతపడిన గొట్టం సరిచేసింది. ఇది వెర్రి ఆలోచనని ఒక పక్క అనిపిస్తోంది. మరో పక్క, ఇంతకంటే మంచి పరీక్ష ఏముందీ అనీ అనిపిస్తోంది. అనుమానం పట్టుకున్న మనిషికి వెర్రికీ తెలివికీ తేడా ఎక్కడ తెలుస్తుంది.

ఆ సాయంత్రం పిన్ని కూతురు శైలజకి ఫోన్ చేసింది. శైలజ లండన్లో ఉంటుంది. వెళ్ళి నాలుగేళ్ళు కూడా కాలేదు గాని, ఆ దేశాన్ని కొనేసినట్టు మాట్లాడుతుంది. పుట్టింది ఎచ్చెర్ల పక్కనే అయినా ఇప్పుడు 'ఏటి' అనదు, 'ఏంటి' అంటుంది.

"సండర్లాండా? ఎందుకే అక్కడికి? లండన్లో ఏమీ దొరకలేదా?"

"నాకు వచ్చింది అదే గదా."

"నార్త్ అంటే నీకు తెలీదు. ఎప్పుడూ వాన. పనులుండవు, పొద్దున్నే తాగేస్తారు. వాళ్ళ ఇంగ్లీషు ఇక్కడివాళ్ళకే అర్థం కాదు. లివర్‌పూల్లో కారు ఆపితే చక్రాలుండవంటారు. బర్మింగ్‌హామ్ వాళ్ళు మాట్లాడితే నిద్రలో ఉన్నట్టుంటుందంటారు. స్కాట్లండు వాళ్ళు రూపాయి తియ్యరట."

"నువ్వు ఎల్లినావా ఆ ఊర్లకి?"

"వెళ్ళక్కర్లేదే, అందరూ అంటారు. నీకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, హైదరాబాదు వాళ్ళకి మన శ్రీకాకుళం ఎలాగో లండన్ వాళ్ళకి ఆ నార్త్ అలాగ."

యమునకి చెవుల్లోంచి వేడి వచ్చింది. విశాఖలో ఒక పెద్ద ఆస్పత్రిలో పనిచేసిన రోజుల్లో, "ఏటయ్యింది మావా, నొప్పిగా ఉన్నాదా" అని ఒక పేషెంటుని అడిగినందుకు మేట్రన్ గదిలోకి పిలిచి, ఆ యాస మానెయ్యి, కామెడీలా ఉంది అంది. ఆ రోజు క్యారేజీ విప్పకుండా ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడు సొంత పిన్ని కూతురే అదే మాట నవ్వుతూ చెబుతోంది. దాని చెంప ఛెళ్ళుమనిపించాలన్నంత కోపం వచ్చింది. కానీ అవసరం తనది.

"ఒక్కటి సెప్పు. ఇంగ్లీషోల్లు ఆయ్ అంటారా?"

"ఛ. యెస్ అంటారు. మా ఆఫీసులో ఒక్కళ్ళూ అనరు. అతను ఇండియన్‌లా ఉన్నాడంటున్నావు, ఆయ్ అంటున్నాడంటున్నావు. ఇంకా అనుమానమెందుకే? బ్లాక్ చేసెయ్."

ఫోన్ పెట్టేసరికి త్రినాథ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. స్పీకర్లో అంతా విన్నాడు.

"లండన్లో ఉన్నదే సెప్పీసినాది" అన్నాడు. "ఇంకేటి."

గురువారం మధ్యాహ్నం రెండో ఇంటర్వ్యూ ఉందని ఏజెంటు నుంచి కబురొచ్చింది. ఇదే ఆఖరిదట. త్రినాథ్ వద్దన్నాడు. ఇంటి అడ్రసూ సర్టిఫికెట్లూ ఇప్పటికే వాడి చేతిలో ఉన్నాయి, ఇంకేం ఇవ్వాలి అన్నాడు. యమున పప్పులో పోపు వేసి మూతపెట్టి, మొగుడి వైపు తిరిగింది.

"దొంగైతే నాను పట్టుకుంటాను. దొంగ గాపోతే నా ఉద్యోగం నాకు కావాల. రొండిట్లో ఏదో ఒకటి తేలకుండా మూసీమంటే మూసీను."

"తేలినాక ఏడవద్దు మరి."

"ఏడిస్తే ఏడుస్తాను. ఆ రోజు సెలవెట్టు."

గురువారం బల్ల అక్కడే వేసింది, వెనక గోడకి పాత బీరువా, దాని తలుపుకి నిలువుటద్దం. త్రినాథ్ మళ్ళీ కెమెరాకి ఆనకుండా నేలమీద కూచుని ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. తెర మీద రాజ్ కుమార్ వచ్చాడు. వెనక కిటికీలో మబ్బు. మగ్గులోంచి టీ తాగుతున్నాడు.

"బాగున్నారా, పెట్?" అన్నాడు ఇంగ్లీషులో.

యమున కోచింగులో నేర్పిన గొంతుతో, నేర్పిన నవ్వుతో జవాబిచ్చింది. నరం అదరకపోతే ఏం చేస్తారని అడిగాడు. చెప్పింది. మధ్యలో బీపీ పడిపోతే? చెప్పింది. అన్నిటికీ అతను ఆయ్, ఆయ్ అంటూ రాసుకుంటున్నాడు. కింద నుంచి త్రినాథ్ ఆమె పాదం మీద వేలితో పొడిచాడు. యమున ఊపిరి పీల్చుకుంది.

"పులస పులస అని ఎగురుతారు గానీ, దానంత మట్టికంపు సేప లోకంలో నేదు. మా సముద్రం సేప ముందు దాని మొకవేటి" అంది గబగబా తెలుగులో, రెప్ప వెయ్యకుండా అతని ముఖం చూస్తూ.

రాజ్ కుమార్ ముఖం ఎర్రబడలేదు. నల్లబడలేదు. కనుబొమలు మాత్రం దగ్గరికొచ్చాయి.

"సారీ, లైను తెగినట్టుంది. ఏమన్నారు?"

మళ్ళీ అంది. అతను మగ్గు కింద పెట్టాడు. కళ్ళజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగాడు.

"యమునా, మీరెవరితో మాట్లాడుతున్నారు?"

"ఎవరితోనూ కాదు సార్."

"మీ వెనక అద్దంలో ఒక మనిషి కనిపిస్తున్నాడు. నేలమీద కూచున్నాడు. పోయినసారీ ఉన్నాడు. చేతిలో ఏదో పైకెత్తి మీకు చూపిస్తున్నాడు." అతని గొంతులో ఇందాకటి చనువు లేదు. "పోయినసారి మీ జవాబులన్నీ చదివినట్టున్నాయి. ఆ గొంతు కూడా మీది కాదనిపించింది. ఒకరి బదులు ఒకరు ఇంటర్వ్యూలిచ్చేవాళ్ళు మాకు తగులుతూనే ఉంటారు. అందుకే మళ్ళీ పిలిచాను. ఆ మనిషి ఎవరో ఇప్పుడు చెప్పకపోతే ఇంతటితో ఆపేస్తాను."

ఇన్నాళ్ళూ తాము దొంగని కాపలా కాస్తున్నామనుకున్నారు. అవతలివాడు తమని కాస్తున్నాడు. అతని లెక్కలో దొంగ తనే.

"బావా, లెగు" అంది.

త్రినాథ్ లేవలేదు.

"లెగమంతన్నాను."

అతను ఫోన్ పట్టుకునే లేచి తెరలోకి వచ్చాడు. ఏం చెయ్యాలో తెలీక నమస్కారం పెట్టాడు.

"నా భర్త సార్. నాకు జవాబులు చూపించడం లేదు. మిమ్మల్ని రికార్డు చేస్తున్నాడు" అంది యమున. కోచింగు గొంతు ఎటుపోయిందో పోయింది. ఇంగ్లీషు మాటలే గాని వాటి నడక అంతా శ్రీకాకుళానిదైపోయింది. "మిమ్మల్ని మేం దొంగ అనుకున్నాం."

"నన్నా? ఎందుకు?"

ఏమీ దాచలేదు. ఆయ్ సంగతి చెప్పింది. గోదావరి సంగతి, పులస పరీక్ష చెప్పింది. పెట్ అన్నందుకు మొగుడికి కోపం వచ్చిందని చెప్పింది. చివరికి, చెప్పడానికి నోరు రాకపోయినా, ఇంగ్లండు మేనేజరంటే తెల్లగా ఉంటాడనుకున్నామని కూడా చెప్పింది.

నవ్వుతాడేమోనని ఆమె ఎదురుచూసింది. నవ్వలేదు.

"ఇక్కడ ఆయ్ అంటే అవును. ఈ ఊళ్ళో అందరూ అంటారు. పెట్ అంటే మీరు అమ్మా అంటారు చూడండి, అలాంటిది" అన్నాడు నెమ్మదిగా. "నేను పుట్టింది ఈ ఊళ్ళోనే. మా నాన్న ఇక్కడ బస్సు నడిపాడు. లండన్లో మీటింగుకి వెళితే నా మాట విని నవ్వి, ఇంకోసారి చెప్పమంటారు. ఈ ఊళ్ళో నా ముఖం చూసి, అసలు ఏ ఊరు మీది అంటారు. కేరళ నుంచీ ఫిలిప్పీన్స్ నుంచీ వచ్చే నర్సులు నా గదికే వచ్చి, మేనేజరు గారు ఎప్పుడొస్తారని నన్నే అడుగుతారు. అలవాటైపోయింది." ఆగాడు. "అలవాటైపోయిందనుకున్నాను. చేపని తిట్టి పరీక్షించింది మాత్రం మీరే మొదలు."

త్రినాథ్‌కి మాటలు సగమే అందాయి గాని సంగతి అందింది. ఫోన్లో రికార్డు రెండూ చెరిపేసి, తెర దగ్గరగా పెట్టి చూపించాడు. రాజ్ కుమార్ తలూపాడు. బయటికి వెళ్ళమని అతనడిగితే త్రినాథ్ మారుమాట లేకుండా వెళ్ళి, తలుపు దగ్గరగా వేశాడు.

యమునకి సిగ్గుతో ముఖమెత్తబుద్ధి కాలేదు. మేట్రన్ గదిలో తను నిలబడినప్పుడు ఎలా ఉందో, ఇప్పుడు ఈ మనిషికి తన ఎదురుగా అలాగే ఉంది. అదీ ఒక్కరోజు కాదు. ఇక ఉద్యోగం పోయినట్టే, పోనీ, ఇతనికి ఒక్క మంచి మాటైనా చెప్పి మూసేద్దామనుకుంది.

"తప్పు నాదే సార్" అంది.

"ఆ సంగతి వదిలెయ్యండి. నాకు ఇంకొక్క ప్రశ్న ఉంది." కాగితం వైపు చూడకుండానే అడిగాడు. "మా ఊరి పెద్దాయన ఒకడు. ఓడలు కట్టేచోట జీవితమంతా పనిచేసినవాడు. మీరు సూది పట్టుకుని వెళతారు. మీ ముఖం చూస్తాడు, మాట వింటాడు, చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. నువ్వు నర్సువని నాకేం నమ్మకం, మావాళ్ళెవరినైనా పిలవండి అంటాడు. ఏం చేస్తారు?"

దీనికి కోచింగులో జవాబుంది. ఓర్పుతో ఉంటాను, పై అధికారికి తెలియజేస్తాను, రికార్డులో రాస్తాను. ఓర్పు అన్న ఇంగ్లీషు ముక్క నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"కోపం వస్తాది" అంది ఇంగ్లీషులోనే, అదే శ్రీకాకుళం నడకతో. "ఇంటికెల్లి ఏడుస్తాను గూడా. గానీ ఆ సెయ్యి ఆయనది సార్. దొంగ సేతిలో సెయ్యి ఎట్టాలంటే ఎవులికైనా బయ్యమే. ఈ వారమంతా మీరంటే నాకు అదే బయ్యం. మంచోరని ఎవులు సెప్పినా నమ్మీదాన్ని గాదు. ఆయనా నమ్మడు. అందుకని నాను మంచిదాన్నని సెప్పను. కుర్సీ తెచ్చుకుని పక్కన కూసుంటాను. ఏటి అడగాలో అడగమంటాను, ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు సెప్తాను." ఆగి, తెరకేసి చూసింది. "మీరు ఇప్పుడు కోపమొచ్చినా ఫోను కట్టెయ్యకుండా కూసున్నారు గదా సార్. అలగ."

రాజ్ కుమార్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. వేళ్ళతో కళ్ళు ఒత్తుకున్నాడు. అతని వెనక కిటికీ బయట వాన మొదలైనట్టుంది, అద్దం మీద గీతలు పడుతున్నాయి. తలుపు కొద్దిగా తెరిచి త్రినాథ్ తల లోపల పెట్టాడు.

"ఏటంతన్నాడు?" అన్నాడు గుసగుసగా.

యమున వెనక్కి చూడకుండానే చెయ్యెత్తి ఆగమంది.

"మీ ఆస్పత్రికి ఎన్నాళ్ళు ముందు చెప్పాలి, మానెయ్యాలంటే?" అని అడిగాడు రాజ్ కుమార్.

"నెల్రోజులండి" అంది యమున.